నీరుపట్టిన ఫైబరు పడవ డెక్కును బాగుచేయు విధము



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసినవాడను. వ్యాకరణమును, కావ్యములను చదివి, వానినే పిల్లలకు చెప్పి ఉద్యోగము ముగించినవానికి పడవల మరమ్మతుతో పని యేమని తమకు శంక కలుగవచ్చును. శంక న్యాయమైనదే. కాని నేను కాపురమున్నది సముద్రపు టొడ్డు గ్రామము. నాయొద్ద అక్షరములు దిద్దినవారిలో సగముమంది వల నమ్ముకొని బ్రదుకువారు. పడవ చెడినచో వారి యింట పొయ్యి వెలుగదు. అందుచేత నేను కన్నులార చూచిన ఒక మరమ్మతును, దానివలన తెలిసికొన్న సంగతులను నేడు తమకు విన్నవించెదను.

నా పూర్వశిష్యు డొకడు కలడు. పేరు చెప్పుట అనవసరము. అతడు ఇరువదేండ్లనాటి ఫైబరు పడవ నొకదానిని అప్పుచేసి కొనెను. కొన్న రెండవయేట, చేపలగది మూతప్రక్కన అడుగు వేసినప్పుడెల్ల డెక్కు కొంచెము వంగుచుండెను. ముసలి పడవ కదా, వంగక యేమి చేయునని అతడు ఊరకుండెను. మరుసటియేడు అచ్చట సన్నని చీలిక కనబడెను. దానిపై రెండు పొరల మ్యాటు వేయించి, నీలిరంగు పూయించెను. పడవ క్రొత్తదానివలె మెఱసెను.

తరువాత వచ్చిన ఆశ్వయుజమాసమున ఒకనాటి తెల్లవారుజామున వల లాగుచుండగా, అతని కుడికాలు డెక్కును చీల్చుకొని మోకాలివరకు దిగిపోయెను. పగిలిన ఫైబరు అంచు కత్తివంటిది. పిక్క చీలి నెత్తురు వఱదయయ్యెను. ఆనాడు సముద్రము శాంతముగా నుండుటచేతను, తోడివారిరువురు దిట్టలగుటచేతను ఒడ్డు చేరెను. నేను చూడబోయినప్పుడు, "పంతులుగారూ, పైన గట్టిగానే ఉందండీ. లోపల ఇంత పుచ్చు ఉందని ఎవరికి తెలుసండీ" అనెను. నేను చెప్పదలచినదంతయు ఆ మాటలోనే యున్నది. పైన పటారము లోన లొటారము అను సామెతకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు.

రోగము తెలియవలెనన్న ముందు శరీరము తెలియవలెను. మన తీరమున పూర్వము తెప్పయు, నావయు వాడుకలో నుండెను. తెప్ప యనగా దుంగలను త్రాళ్లతో కట్టినది. నావ యనగా పలకలతో కూర్చినది. కోరంగి, తాళ్లరేవు ప్రాంతముల వడ్రంగులు పెద్ద ఓడలనే కట్టి పేరు గాంచిరి. ఫైబరు పడవ వీనికంటె చాల చిన్నవయస్సుది. గాజును సన్నని దారములుగా తీసి, వానిని రెజిను అను చిక్కని ద్రవములో తడిపి, అచ్చుపై పొరలు పొరలుగా పరచి గట్టిపడనిచ్చినచో ఆ పదార్థము సిద్ధించును. ఇట్టి పడవలు పాశ్చాత్యదేశములలో 1940 ప్రాంతమున పుట్టినవి. మన తీరమునకు 1980 తరువాతి దశాబ్దమున వచ్చినవి. ఐక్యరాజ్యసమితికి చేరిన ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మదరాసు కేంద్రముగా బంగాళాఖాత కార్యక్రమమును ప్రారంభించెను. అలలను దాటి ఇసుకయొడ్డున దిగగల పడవలను రూపొందించుట ఆ కార్యక్రమపు పనులలో నొకటి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, కొట్టుకొనిపోయిన తెప్పలకు, నావలకు మాఱుగా ఫైబరు పడవలు మఱింత వ్యాపించినవి. కావున నేడు మన రేవులలో నున్న ఫైబరు పడవలలో పెక్కింటికి ఇరువదేండ్లు నిండినవి. మా యూర జరిగినది ఏ యూరనైనను జరుగవచ్చును.

ఫైబరునకు పుచ్చు లేదు, చెద లేదు అని అమ్మువారు చెప్పుదురు. అది సగము నిజము. గాజు పుచ్చదు. కాని డెక్కు వట్టి గాజుతో చేసినది కాదు. పైన పలుచని ఫైబరు పొర, క్రింద మఱియొక పలుచని పొర, ఆ రెంటి నడుమ ప్లైవుడ్డు పలక. ఇది పలు పడవల డెక్కు నిర్మాణము. నడుమ కొయ్య యెందుకనగా, బిగువు మందమువలన వచ్చును. ఒకే పదార్థపు రేకు మందము రెండింతలైనచో, వంగక నిలుచు శక్తి ఎనిమిదింతలగును. అంత మందమును ఫైబరుతోనే చేసినచో పడవ బరువగును, ధర పెరుగును. కావున నడుమ కొయ్య పెట్టి, రెండు పొరలను దూరదూరముగా నిలిపిరి. అయితే ఈ బలమంతయు ఒక్క దానిపై ఆధారపడియున్నది. పొరలు రెండును కొయ్యకు గట్టిగా అతుకుకొని యుండవలెను. కొయ్య మెత్తబడినచో పొరలు విడిపోవును. విడిపోయిన పొర యెంత గట్టిదైనను వట్టి రేకు మాత్రమే.

ఆ కొయ్యలోనికి నీరెట్లు చేరును? డెక్కుపై పారు నీరు ఫైబరును దాటి లోనికి పోదు. మనము చేసిన రంధ్రములగుండా పోవును. త్రాడు కట్టు కొక్కెమునకు నాలుగు మరలు. చేపలగది మూత బందులకు మరలు. దీపపు కంబమునకు మరలు. ఒక్కొక్క మర కొయ్యలోనికి తెఱచిన ఒక్కొక్క ద్వారము. లంగరు జాఱిపడి చేసిన చిన్న చీలికయు అట్టిదే. దీపపువత్తి నూనెను పీల్చినట్లు కొయ్య తన నారవెంట నీటిని పీల్చుకొనును. లోనికి పోయిన నీటికి వెలుపలికి త్రోవ లేదు. పైన క్రింద ఫైబరు మూసియున్నది. అందుచేత ఎండ యెంత కాసినను ఆ కొయ్య ఆఱదు.

ఇచట ఒక విశేషము. కొయ్యకు సముద్రపు నీటికంటె వాననీరే ఎక్కువ శత్రువు. కొయ్యను తినునది బూజుజాతికి చెందిన సూక్ష్మజీవి. ఉప్పు దానిని కొంత అడ్డగించును, మంచినీరు పోషించును. వేటకు పోవు పడవకంటె, వానకాలమంతయు ఒడ్డున మూతలేక పడియున్న పడవ డెక్కు ముందు పుచ్చుటకు కారణమిదియే. నా శిష్యుని పడవ కొనుటకు ముందు రెండు వానకాలములు ఒడ్డుననే పడియుండెనని తరువాత తెలిసెను.

ఇక మొదటి మరమ్మతు ఎందుకు చెడెను? తడికొయ్యపై, పాతరంగుపై క్రొత్తపొర వేసిరి. అది అతుకుకొనలేదు సరికదా, లోపలి తడి వెడలుటకున్న సన్నని చీలికను గూడ మూసెను. కురుపులోని చీము తీయక పైన కట్టు కట్టినట్లయ్యెను. రోగకారణమును తొలగించుటయే మొదటి చికిత్స యని మన వైద్యులు చెప్పుదురు. ఈ శాస్త్రమునకును అదే మూలసూత్రము.

ప్రమాదము జరిగిన పిదప మా యూరి పెద్దలు అరుగుమీద కూర్చుండి ఆలోచించిరి. ఒకరు, "మఱియొక పూత పూసి, దూరపు రేవున అమ్మివేయరాదా" అనిరి. అప్పు తీఱవలెను గదా యని కొందఱు తలలూపిరి. అందఱికంటె వృద్ధుడైన ఒకాయన కొంతసేపు ఊరకుండి, "అమ్మితే పడవ పోతుంది. కాలు దిగేది మాత్రం మరొకడిది. వాడి ఇంట్లోనూ పిల్లలుంటారు" అనెను. ఆ మాటతో సభ ముగిసెను. మరమ్మతు చేయించుటకు నిశ్చయించి, అనుభవముగల ఒక మేస్త్రీని పిలిపించిరి.

తూర్పుతీరమున ప్రతివత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ప్రభుత్వము ఏర్పఱచిన విరామమిది. ఈ పనికి ఇంతకంటె మంచి యదను లేదు. వానలుండవు, వేట పోవునను తొందర యుండదు. అప్పటివరకు ఆ పడవను నీటిలోనికి దింపలేదు.

మేస్త్రీ వచ్చిన మొదటినాడు కోతపరికర మేదియు పట్టలేదు. ఒక చెక్కసుత్తి తీసికొని డెక్కంతయు జానకొక చోట తట్టుచు, చెవి యొగ్గి వినుచు పోయెను. గట్టిచోట శబ్దము స్ఫుటముగా పలికెను. పుచ్చినచోట తడిసిన డోలువలె బొదబొద మనెను. శబ్దము మాఱినచోటనెల్ల సుద్దముక్కతో గీత గీసెను. చివర చూడగా, కాలు దిగినచోటు మూరెడు. సుద్దగీత లోపలి భాగము దానికి నాలుగింతలు.

అంతటితో తృప్తిపడక, సన్నని బరమాతో పైపొరను, కొయ్యను మాత్రమే తొలిచి లోపలి పొట్టును చూచెను. పొడిగా, లేతరంగుగా వచ్చినచోట కొయ్య మంచిది. నల్లగా, తడిగా, పులిసిన వాసనతో వచ్చినచోట చెడినది. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచుటను స్థాలీపులాకన్యాయ మందురు. ఈ విషయమున ఆ న్యాయము చెల్లదని నేను ఆనాడు గ్రహించితిని. ఒకచోట పొడిగా నున్నంతమాత్రమున జానెడు దూరమున పొడియని చెప్పరాదు. కావున సుద్దగీత వెలుపల చుట్టును తొలిచి, అన్నివైపుల పొడిపొట్టు వచ్చువరకు అతడు విడువలేదు. తొలిచిన రంధ్రములను పిదప మఱువక రెజిను పుట్టీతో పూడ్చెను.

తరువాత కోత. పైపొర మందమునకు సరిపోవునంత లోతు మాత్రము దిగునట్లు రంపపుచక్రమును అమర్చి, గీతవెంట కోసి, పొరను మూతవలె పైకి లేపెను. లోపలి దృశ్యము చూచి మాకందఱకు నోట మాట రాలేదు. ప్లైవుడ్డు పలక తడిసిన పిడకవలె వ్రేళ్లతో ఊడివచ్చుచుండెను. దానిని ఉలితో, గీకుడుపారతో తీసి, గట్టికొయ్య తగులువరకు పోయి, దానిని దాటి మఱి రెండంగుళములు తీసివేసెను. చెడినది కొంచెమైనను మిగిలినచో బూజు మరల ప్రాకును.

డెక్కు క్రింది అడ్డుదూలములను గూడ పరీక్షించెను. అవి గట్టిగానే యుండెను. దూలములును, పడవ ప్రక్కలకు డెక్కు కలియు అతుకులును గూడ పుచ్చియున్నచో, మరమ్మతు ఖర్చు పడవ విలువను మించునని, అట్టిదానిని విడిచిపెట్టుటయే మేలని అతడు చెప్పెను. ఇది పెద్దలు గుర్తుంచుకొనదగిన హద్దు.

మఱియొక సంగతి బయటపడెను. పడవ మునుగకుండుటకై డెక్కు క్రింది అఱలలో నింపిన నురుగుపదార్థము నీటిని పీల్చి బరువెక్కియుండెను. ఒక ఘనపుటడుగు నీరు సుమారు 28 కిలోలు తూగును. పది ఘనపుటడుగుల చోట నీరు నిండినచో 280 కిలోలు. అనగా నలుగురు మనుష్యుల బరువు. పడవ లోతుగా తేలుచున్నదని, నూనె ఎక్కువ త్రాగుచున్నదని నా శిష్యుడు రెండేండ్లుగా ఇంజనును నిందించుచుండెను. దోష మింజనుది కాదు. తేల్చవలసినదే ముంచుచుండెను. దానినంతయు తీసి, నీరు పీల్చని క్రొత్త నురుగుపలకలను పెట్టిరి.

ఇప్పుడు అన్నిటికంటె కష్టమైన పని వచ్చెను. అది ఏమియు చేయక వేచియుండుట. లోపలి ఉప్పును మంచినీటితో కడిగి, డీజిలు, చేపనూనె జిడ్డులను సబ్బునీటితో వదలించి, పడవపై తాటాకుపందిరి వేసి, ప్రక్కలు తెఱచి గాలికి విడిచిరి. రాత్రులు మంచు పడకుండ టార్పాలిను కప్పిరి. నాలుగవనాడు చేతికి పొడిగానే తోచెను. పని మొదలుపెట్టుమని శిష్యుడు తొందరపెట్టెను. మేస్త్రీ మాఱుపలుకక, ఒక చదరపుటడుగు పాలిథీను కాగితమును కొయ్య యంచుపై పఱచి, నాలుగువైపుల అంటుపట్టీతో మూసెను. మరునా డుదయమున చూడగా కాగితము లోపలివైపున చెమటబిందువులు నిలిచియుండెను. తొమ్మిదవనాటికి గాని ఆ కాగితము పొడిగా రాలేదు. అందఱి యింట కాగితముండును, పట్టీయుండును, కొఱవడునది ఓపికయే. మొదటి మరమ్మతును చెఱచినది ఈ తొమ్మిది దినముల తొందరయే.

ఆరిన పిదప అంచులను సిద్ధపఱచవలెను. నిటారుగా కోసిన అంచుకు క్రొత్తపొరను ఆనించినచో అతుకు నిలువదు. పాతపొరను గ్రైండరుతో ఏటవాలుగా అరగదీయవలెను. మందమునకు పండ్రెండింతల వెడల్పున వాలుండవలెనని లెక్క. పొర నాలుగు మిల్లీమీటర్లున్నచో వాలు నలువదియెనిమిది మిల్లీమీటర్లు, సుమారు రెండంగుళములు. రంగును, నునుపును పూర్తిగా పోగొట్టి, గరుకు చేసి, అసిటోనుతో తుడువవలెను. ఈ పనిలో లేచు గాజుదుమ్ము ఊపిరితిత్తులకు హానికరము. చర్మమునకు దురద కలిగించును. ముక్కునకు తగిన ముసుగు, కన్నులకు అద్దములు, నిండుచేతుల చొక్కా లేక ఎవ్వరిని దగ్గఱకు రానీయరాదు. మా యూరి పిల్లలు వింత చూచుటకు మూగగా, నా పాతబెత్తము ఆనాడు మరల కొంత ఉపయోగపడెను.

క్రొత్తపలకగా సముద్రపుపనికి తగిన ప్లైవుడ్డునే వాడవలెను. దానిపై భారతీయ ప్రమాణ సంస్థవారి ఐ.ఎస్. 710 అను గుర్తు ఉండును. ఇంటి బీరువాల ప్లైవుడ్డు చవుకగా దొరకునని తెచ్చినచో రెండేండ్లలో కథ మొదటికి వచ్చును. పలకను కొలిచి కోసి, అంచులకు, రెండు ముఖములకు రెజిను పట్టించి పీల్చుకొననిచ్చిరి. క్రింది ఫైబరుపొరపై పొడి కలిపి చిక్కజేసిన రెజిను పుట్టీని దట్టముగా పఱచి, పలకను దానిపై నొక్కిరి. పలకకు ముందే సన్నని రంధ్రములు వరుసలుగా తొలిచియుంచిరి. నొక్కినప్పుడు గాలి వెడలి, రంధ్రములగుండ పుట్టీ పైకుబికెను. ఏ రంధ్రమునుండి పుట్టీ రాలేదో అచట క్రింద గాలి చిక్కినదని అర్థము. పలకపై బరువునకు గోనెసంచులలో సముద్రపుటిసుకనే నింపి పెట్టిరి. దానికి మాత్రము ఖర్చు లేదు.

ఇక రెజిను సంగతి. ఇందు ప్రాణభయము కలదు. కావున సావధానముగా వినుడు. మన తీరమున సాధారణముగా వాడునది పాలియెస్టరు రెజిను. అది గట్టిపడుటకు రెండు ద్రవములు వేఱువేఱుగా నిత్తురు. ఊదారంగుగల కోబాల్టు ఒకటి. నీటివలె తెల్లనైన కెటలిస్టు ఒకటి. ఈ రెంటిని నేరుగా ఒకదానితో నొకటి ఎన్నడును కలుపరాదు. కలిపినచో భగ్గున మండును, ప్రేలును. ముందు కోబాల్టును రెజినులో బాగుగ కలిపి, ఆ పిదప కెటలిస్టును కలుపవలెను. రెండు సీసాలను ఒకే పెట్టెలో ఉంచరాదు. ఒకే కొలతగిన్నెను రెంటికి వాడరాదు. కెటలిస్టు కంటిలో పడినచో చూపు పోవచ్చును. వెంటనే మంచినీటితో పావుగంటకు తక్కువ కాకుండ కడిగి, వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. రెజిను ఆవిరి అంటుకొనునది; పనిచోట బీడీ వెలిగింపరాదు.

కెటలిస్టు కొలత సామాన్యముగా కిలో రెజినుకు 10 నుండి 20 మిల్లీలీటర్లు. ఎండకాలమున తక్కువవైపు ఉండవలెను. వైశాఖపు మధ్యాహ్నమున ఎక్కువ కలిపినచో డబ్బాలోనే పొగలుగ్రక్కుచు గట్టిపడును. మేస్త్రీ ఉదయమున మంచు ఆరినపిదప మొదలుపెట్టి, ఎండ ముదురకముందే ఆపుచుండెను. ఒక్కసారికి అరకిలోకు మించి కలుపలేదు. మిగిలినదానిని డబ్బాలో విడువక, ఇసుకపై పలుచగా పోయించెను.

పొరలు వేయుటలో క్రమము కలదు. ముందు మ్యాటు, అనగా గాజుదారపు తునకలను చాపవలె పఱచినది. దానిపై రోవింగు, అనగా దారములను గుడ్డవలె నేసినది. మరల మ్యాటు. రోవింగు బలమిచ్చును, మ్యాటు అతుకు నిచ్చును. ప్రతిపొరయు క్రిందిదానికంటె అంగుళము వెడల్పుగా నుండవలెను. తెల్లని మ్యాటు రెజినుతో తడిసినప్పుడు గాజువలె పారదర్శకమగును. తెల్లగా నిలిచినచోట గాలియున్నదని తెలిసికొని, గాడుల రోలరుతో దొరలించి వెడలగొట్టవలెను. ఒకేదినమున పొరలన్నియు పేర్చినచో వేడిపుట్టి వంకరలు పోవును. రెండుమూడు పొరలకు మించరాదు. కడపటి పూతలో మైనము కలిపిరి. గాలి తగిలినచో పాలియెస్టరు పైముఖము జిగటగానే నిలిచిపోవును. మైనము పైకి తేలి గాలిని అడ్డగించును. దానిపై కడిగి ఆరబెట్టి జల్లించిన ఇసుకను చల్లి రంగు వేసిరి. తడికాలు జాఱకుండుటకది ఉపాయము.

ఎపాక్సీ యను మఱియొక రెజిను కలదు. అది కొయ్యకు, పాతపొరకు ఇంకను గట్టిగా అతుకును. కాని ధర హెచ్చు. దానిని వాడదలచినవారు ఒక నియమము తెలిసికొనవలెను. పాత పాలియెస్టరుపై ఎపాక్సీ నిలుచును. ఎపాక్సీపై పాలియెస్టరు సరిగా నిలువదు. కావున ఎపాక్సీతో మొదలుపెట్టినచో తుదివరకు దానితోనే ముగింపవలెను.

ఇంతటితో పని ముగిసినదని మాకు తోచెను. ఇల్లలుకగానే పండుగ కాదు గదా! మరల మరలు బిగింపవలెను. ఆ మరలే మొదటి శత్రువులు. మేస్త్రీ ప్రతి మర స్థానమున మరకంటె వెడల్పైన రంధ్రమును తొలిచి, చుట్టునున్న కొయ్యను కొంత గీకి తీసి, ఆ గుంటను రెజిను పుట్టీతో నింపెను. అది గట్టిపడిన పిదప దాని నడుమ మరకు తగిన సన్నని రంధ్రము చేసెను. ఇప్పుడు మర రెజినులో నుండును గాని కొయ్యను తాకదు. రేపు మర వదులై నీరు దిగినను, కొయ్యకు చేరదు. చేపలగది అంచులకును ఇట్లే చేసెను. ఈ చిన్నపని మొదటినాడే పడవ కట్టినవారు చేసియున్నచో ఈ ప్రసంగమునకు అవసరమే యుండకపోవును.

జూన్ 15వ తేదీన ఆ పడవ మరల నీటిలోనికి దిగెను. మునుపటికంటె నాలుగువ్రేళ్లు పైకి తేలుచుండెను. నా శిష్యుడు డెక్కుపై నిలిచి, చీలిన కాలితోనే రెండుమార్లు గట్టిగా త్రొక్కి, నావైపు చూచి నవ్వెను.

పెద్దలారా! ఈ పనిని తమ చేతులతో చేయుడని నేను చెప్పుట లేదు, పని మేస్త్రీదే. కాని మేస్త్రీని తొందరపెట్టకుండుట, తడియారకముందే మూయనీయకుండుట, పుచ్చినదానికి రంగు పూసి ఇతరులకు అంటగట్టనీయకుండుట, ఇవి పెద్దలు చేయవలసిన పనులు. కుఱ్ఱవానికి అప్పు కనబడును; పెద్దవానికి దాని వెనుకనున్న ప్రాణము కనబడవలెను.

వేటవిరామము ముగిసి, గంగమ్మకు పూజచేసి పడవలు దింపుట మన యాచారము. మా యూర ఆనాటినుండి ఒక అలవాటు ఏర్పడినది. పడవకు పసుపుకుంకుమలు పెట్టుటకు ముందు, ఇంటి పెద్ద చెక్కసుత్తి చేతబట్టి డెక్కంతయు ఒకమారు తట్టి వినును. శబ్దము మంచిదైనచోనే కొబ్బరికాయ కొట్టుదురు. దీనికి అరగంట పట్టును. తమ యూళ్లలోను ఈ యలవాటు కలుగవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.